డెల్మర్ పాతిన గింజలు

ఈ ఉదయం ఇంటి వెనక కొండవాలులో, మొలకల దగ్గర బూటు గుర్తు కనిపించింది. రెండు మొలకలు దాని కింద నలిగిపోయాయి. మిగతావి నిలబడే ఉన్నాయి. అందుకే ఇది ఇవాళే రాస్తున్నాను.

వెస్ట్ వర్జీనియాలో ఒక కొండ ఊరి గ్రంథాలయ ఉద్యోగిని, అవివాహితను అయిన వేమూరి స్మృతి అనే నేను, తెలివి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వహస్తంతో రాసిన వీలునామా ఇది. అమలు చేయవలసింది హెర్న్‌డన్‌లో ఉన్న మా అక్క దమయంతి. రేపు నేను కోర్టులో కర్టిస్ అనే మనిషి మీద సాక్ష్యం చెప్పాలి. ఈ వారమంతా అతని ట్రక్కు మా గేటు ముందు ఆగి ఆగి పోతోంది.

1. నా పుస్తకాలన్నీ మా గ్రంథాలయానికి. అంచుల్లో పెన్సిల్ రాతలు చెరపనక్కర్లేదు.

2. నా వెండి పట్టీలు అక్క కూతురు అనుష్కకు. మొన్న ఫోన్‌లో "పిన్నీ, నువ్వు స్కేర్డా?" అని అడిగింది. లేదన్నాను. భయంగానే ఉంది, అనుష్కా.

3. నా పాత కారు లోకేష్ బావకు. "మాస్టర్స్ చేసి ఆ అడవిలో పుస్తకాల దుమ్ము దులుపుతున్నావా, మరదలా?" అని పదిమందిలో నవ్వాడు. అది నేను మరిచిపోలేదు. బ్రేకులు మాత్రం మార్పించుకోమనండి.

4. నేను రేపు కోర్టుకు చేరకపోతే దీన్ని జడ్జికి చదివి వినిపించాలి. డెల్మర్, నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు ఓపల్‌కు తమ్ముడు; ఆ ఇంట్లోనే ఉండేవాడు. అడవిలో పెరిగే జిన్‌సెంగ్ అనే ఖరీదైన మందుదుంపలు తవ్వి అమ్ముకునేవాడు. దుంప తీసిన గుంటలోనే దాని ఎర్రపళ్లు పాతి, ఆకులు కప్పి రావడం ఇక్కడి ఆచారం. ముందటేడు సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం దుంపల సంచితో గ్రంథాలయానికి వచ్చాడు. "అన్నీ మా ఇంటి వెనకవే, పిల్లా. పళ్లు అక్కడే పాతేశా. రా, చూపిస్తా" అన్నాడు. ఐదింటిదాకా డ్యూటీ ఉందన్నాను. ఒక్కడే కర్టిస్ కొండ మీదుగా అడ్డదారిన వెళ్లాడు. కర్టిస్ అతన్ని కాల్చి చంపాడు. తన కొండలో దొంగతనంగా తవ్వుతున్నాడని చెప్పి, గుంటలు కూడా చూపించాడు. నేను విన్నది చెబితే షెరిఫ్ మనిషి, "చచ్చినవాడి మాట ఋజువవుతుందా, మిస్?" అన్నాడు.

ఆ పళ్లలోని గింజలు పాతాక రెండో వసంతానికి గాని మొలవవు. ఇప్పుడు మా ఇంటి వెనక ప్రతి గుంటలోనూ మొలిచాయి. కర్టిస్ చూపించిన గుంటల్లో ఒక్కటీ లేదు. అవి తనే తవ్వాడు; పళ్లు పాతాలని అతనికి తోచలేదు. అటవీ అధికారి రెండు చోట్లా ఫొటోలు తీసుకున్నాడు.

5. కాన్వెంట్‌లో నేర్చిన అల్లికతో డెల్మర్‌కు మొదలుపెట్టిన మఫ్లర్ సగంలో ఉంది. ఎవరూ పూర్తి చేయవద్దు. సమాధి మీద అలాగే పెట్టండి. ఆ రోజు నేను వెళ్లి ఉంటే ఇద్దరం రోడ్డు మీదుగా కారులో వెళ్లేవాళ్లం. గ్రంథాలయంలో అప్పుడు చదువరి ఒక్కరూ లేరు.

6. ఓపల్‌కు ఏమీ రాయడం లేదు. సాక్షి సంతకం చేసేవారికి ఆస్తి రాయకూడదని లాయరు చెప్పారు. నా వంటగిన్నెలు ఇస్తాను, సంతకం ఇంకొకరితో పెట్టించుకుంటానన్నాను. ఓపల్ నా చేతిలోంచి కలం తీసుకుంది. తర్వాత "గిన్నెలు నాకున్నాయమ్మాయ్. సంతకం నేనే పెడతా" అంది.

2025 మే 12.

(సంతకం) వేమూరి స్మృతి

సాక్షులు:
1. జూన్ హాచర్, గ్రంథాలయ సహోద్యోగి.
2. ఓపల్ రాట్‌లిఫ్, డెల్మర్‌కు అక్క, కర్టిస్‌కు కన్నతల్లి.