పన్నెండో బెడ్ ఉసేనమ్మ అడిగింది

నవంబరు 3, సోమవారం

పన్నెండో బెడ్‌కి కొత్త పేషెంటు. కర్నూలు వైపు నుంచి ఉమ్రాకి, అంటే మక్కా యాత్రకి, వచ్చిన పెద్దావిడ, పేరు ఉసేనమ్మ. ఊపిరితిత్తుల్లో నీరు, గుండె బలహీనం. అరబ్బీ, ఉర్దూ, ఇంగ్లీషు... ఎవరు ఏ భాషలో అడిగినా బదులు లేదట. చివరికి నన్ను పిలిచారు.

"పెద్దమ్మా, నొప్పి ఎక్కడ?"

కళ్ళు తెరిచింది. "అబ్బ... మన మాట. యా ఊరు పాపా నీది?"

గుంటూరు అన్నాను. చెయ్యి పట్టుకుంది, ఇక వదల్లేదు. బీపీ పట్టీ ఒంటి చేత్తోనే కట్టాను.

నవంబరు 4

మందు పనిచేసింది. ఈరోజు మాటలే మాటలు.

"తురకోళ్లమే గానీ మాకు ఉర్దూ రాదు పాపా. ఉర్దూ మాట్లాడేటోళ్లు మమ్మల్ని సగం తురకోళ్లంటారు. మిగతావోళ్లేమో నిండా తురకోళ్లే అంటారు." నవ్వింది, వెంటనే దగ్గు.

నీదే మతమని నన్నూ అడిగింది. కరుణ అనే పేరుని బట్టి ఏదీ తేలదు కదా. "యేసుప్రభువు" అన్నాను. "ఊ" అంది. అంతే.

నాలుగింటికి కొడుకు మాబాషా వచ్చాడు. ఊళ్ళో లారీ మెకానిక్. వాళ్ళతో యాత్రకి వచ్చిన గుంపు మొత్తం మదీనా వెళ్ళిపోతే తల్లి కోసం ఇతనొక్కడే ఇక్కడ జెద్దాలో ఆగిపోయాడు. విజిటింగ్ టైము అయ్యేదాకా ఆమె కాళ్ళు ఒత్తుతూనే ఉన్నాడు.

నవంబరు 5

మందులకి తగ్గని భయం ఏదో ఉంది ఆమెలో. ఈరోజు తెలిసింది.

"యాభై ఏండ్లు పీర్లకు మొక్కినా పాపా. మా ఊళ్లో రెడ్లు, బోయోళ్లు, అందురూ మొక్కుతారు. మావోనికి జరమొస్తే ఆ పీర్ల సావిట్లోనే పండబెట్టినా, బతికినాడు. ఇప్పుడు మా గుంపు పెద్దాయన అదంతా తప్పంటాడు. కాబా ముందర అలవాటుగా పీరు పేరు తలిస్తే కసిరినాడు. తప్పయితే... ఆ యాభై ఏండ్లూ యాడికి పోయినట్టు?"

ఆక్సిజన్ గొట్టం సరిచేశాను. జవాబు తెలియనప్పుడు చేతికి ఏదో ఒక పని దొరుకుతుంది, ఈ ఉద్యోగంలో అదొక సుఖం.

నవంబరు 6, గురువారం

ఆఫ్. అమ్మకి ఫోన్ చేశాను.

"మన ముత్తాత ఎందుకమ్మా మతం పుచ్చుకున్నాడు?"

"పొద్దున్నే ఇదేం ప్రశ్నే!"

విసుక్కుంటూనే చెప్పింది. ముత్తవ్వ కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. ఊళ్ళో మంత్రసాని మైల అంటూ మన పల్లెలోకి రానంది. మిషను ఆసుపత్రి దొరసాని బండి కట్టించుకుని వచ్చి, మట్టినేల మీద కూర్చుని కాన్పు చేసింది. ఆ వచ్చే ఆదివారమే ముత్తాత చర్చికి వెళ్ళాడు.

"వాక్యం విని కాదా?"

"వాక్యం తర్వాత విన్నాడు. ముందు ఆమె చేతులు చూశాడు."

"అంతకు ముందు ఎవర్ని మొక్కేవాళ్ళు?"

"పోలేరమ్మని. ఆవిడ మీద కోపమేమీ లేదంటలే."

సండే స్కూల్లో దేవుడు మనల్ని ఎన్నుకున్నాడని చెప్పారు. అడ్డం తిరిగిన బిడ్డ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ బిడ్డ సరిగ్గా తిరిగి ఉంటే ఈరోజు నేనెవర్ని మొక్కేదాన్ని? ఉసేనమ్మ వాళ్ళ పెద్దలకీ ఏదో ఒక రోజు, ఎవరివో చేతులు... మొదలు ఎక్కడో తెలిస్తే నమ్మకం పోతుందా? నాకు పోయినట్టు లేదు. కానీ ఎదుటివాళ్ళది తప్పనడానికి నోరు రావడం లేదు.

నవంబరు 7, శుక్రవారం

ఈ దేశంలో చర్చిలు లేవు, ఫ్లాట్‌లోనే ప్రార్థన. ఎప్పటిలాగే ఆరుగురం, హాల్లో, కిటికీలు మూసి, సన్నగా పాటలు. ఫ్లాట్‌లో నాతో ఉండే రూతక్కే నడిపించింది. మనసు పన్నెండో బెడ్ దగ్గరుంది.

నవంబరు 8

ఉసేనమ్మకి బాగా లేదు. మూత్రపిండాలు కూడా మొరాయిస్తున్నాయి. ఇక వెంటిలేటర్ వద్దని మాబాషా సంతకం చేశాడు, డాక్టరు చెప్పింది నాచేత నాలుగుసార్లు తెలుగులో చెప్పించుకుని.

అతను వెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచింది. "పోయేముందర పలకాల్సిన కలిమా మర్సిపోతాండా పాపా. మా ఆయన నేర్పించింది. సగంలో తెగిపోతాంది. మావోడు లేనప్పుడు పోతే... నువ్వు సెప్తావా సెవులో?"

"నేను మీవాళ్ళ మనిషిని కాదు కదా పెద్దమ్మా."

"నాకు తెలుసులే. నువ్వు సెప్తే నాకు అర్థమైతాది."

సరే అన్నాను. సరే అనేశాను.

నవంబరు 9, ఆదివారం

పదకొండింటికి ఆమె ఊపిరి మారింది. మాబాషాకి ఫోన్ చేస్తే హోటల్ నుంచి బయల్దేరాడు. గంట పడుతుంది.

"లా..." అని ఆగిపోయింది. నా వైపు చూస్తోంది. హెడ్ నర్సు హనాన్ వార్డు ఆ చివర ఉంది. ఇక్కడి మనిషే, ఉసేనమ్మ మతమే. పిలిస్తే రెండు నిమిషాల్లో వచ్చేది. పిలవలేదు.

వంగి చెవిలో చెప్పాను. లా ఇలాహ ఇల్లల్లాహ్. ముహమ్మద్ రసూలుల్లాహ్. అల్లా తప్ప దేవుడు లేడు, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని. తొమ్మిదేళ్లుగా ఈ వార్డులో వింటున్న మాట, ఎక్కడా తడబడలేదు. ఆమె పెదవులు నా వెంట నడిచాయి. మళ్ళీ చెప్పాను. మళ్ళీ. నాలుగోసారికి నేనొక్కదాన్నే అంటున్నాను.

తెర పక్కన హనాన్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. "నీ మనసులో ఏముందో నీకూ పైవాడికీ మాత్రమే తెలుసు" అంది ఇంగ్లీషులో. "ఆ మాట పలికినవాళ్ళు మా మతంలోకి వచ్చినట్టే లెక్క. నేను విన్నది ఎవరికీ చెప్పను." టైము రాసుకుని, తన చేత్తో ఉసేనమ్మ కళ్ళు మూసింది.

మాబాషా వచ్చాడు. తల్లి కాళ్ళ మీద దుప్పటి సర్ది అడిగాడు. "ఎవురన్నా సెప్పినారా అమ్మకు?"

"చెప్పారు."

అక్కడితో ఆపేయొచ్చు. ఆపలేకపోయాను. "నేనే చెప్పాను. నేను క్రైస్తవురాల్ని."

"అది సెల్లుతాదా..." నన్ను కాదు, తనలో తను. తర్వాత భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "గుంపు పెద్దాయన్ని అడిగితే ఏందో ఒకటి అంటాడు. అడగనులే అక్కా. ఎవుర్నీ అడగను."

నవంబరు 10

రూతక్కకి చెప్పాను, అన్నం తింటూ. కంచం పక్కన పెట్టేసింది.

"నువ్వు చెడ్డ పని చేశావనట్లేదు కరుణా. కానీ అది ఊరికే పలికే మాట కాదు, వాళ్ళకీ కాదు, మనకీ కాదు. నమ్మకుండా అంటే ఆ ముసలామెని మోసం చేసినట్టు. నమ్మి అంటే..." నా వైపు తిరిగింది. "మరి నువ్వెలా అన్నావు?"

ఎలా అన్నాను? ఆ క్షణంలో ఏమనుకున్నానో ఎంత వెతికినా దొరకడం లేదు. ఆమె ఊపిరి లెక్కపెడుతున్నాను, అంతే గుర్తు.

"శుక్రవారం అందరి ముందూ ఒప్పుకుని ప్రార్థన చేయించుకో. మనసు తేలికవుద్ది."

నా మనసు బరువుగా ఉందని తనకెవరు చెప్పారు? ... ఉందా?

నవంబరు 12

మాబాషా ఫోన్. "ఈడనే మట్టి ఇచ్చినాం అక్కా. ఎల్లుండి నాకు ఫ్లైటు." ఆ వెంటనే, "అమ్మ ఆఖరికి పీరు పేరేమన్నా తలిసిందా?"

"లేదు" అన్నాను.

"ఊ" అన్నాడు. ఊరటో దిగులో పోల్చుకోలేకపోయాను.

నవంబరు 13

పన్నెండో బెడ్‌లో ఎవరో కుర్ర ఇంజనీరు. చెయ్యి విరిగింది. ఫోన్ వదలడు.

నవంబరు 14, శుక్రవారం

హాల్లో అందరూ వచ్చేశారు. చెప్పులు విడిచిన చప్పుడు, కిటికీలు మూసిన చప్పుడు. నేను నా గదిలో.

ఒప్పుకోవాల్సింది నాకొకటి ఉంది, నిజమే. హనాన్‌ని పిలవలేదు. ఉసేనమ్మ నన్ను అడిగిందని, నేనే చెప్పాలని ఎక్కడో పంతం. అది తప్పంటే ఒప్పుకుంటాను. రూతక్క అడిగేది అది కాదు. ఆ మాట పలికినందుకు క్షమించమని అడగమంటుంది. అలా అడిగితే, నా వెంట కదిలిన ఆ పెదవులకి అర్థమేంటి?

అడగకపోతే ఈ ఊళ్ళో నాకు వీళ్ళు తప్ప ఎవరున్నారు?

రూతక్క తలుపు తట్టింది. "కరుణా, నీ కోసమే ఆగాం." కోపం లేదు గొంతులో. కోపంగా పిలిస్తే సులువుగా ఉండేది.

లేచాను. తలుపు గడి మీద చెయ్యి వేసి, వెనక్కొచ్చి ఇది రాస్తున్నాను.

బయట పాట ఇంకా మొదలవలేదు.