ఇరుసు కింద పీట

వీరాచారీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు, అయినా ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండలేను.

ఒక్క మనిషి కూర్చునేలా నువ్వు కట్టిన పందెపు బండిని కామందుగారు నిన్న మొగల్తూరు తీర్థం పందెంలో తన సొంత ఊహేనని చెప్పుకుని తోలారు. పీట ఇరుసుకు జానెడు కిందికి ఉంటేనే మలుపులో బండి నిలబడుతుందని నువ్వు నెత్తీనోరూ బాదుకున్నావు. “ఎద్దు తోక కింద కూర్చోడానికి నేనేవన్నా పాలేరునా?” అని ఆయన ఆ పీటను మూరెడు పైకి ఎత్తించారు. దానికి ఇత్తడి రేకులు, పట్టు దిండు, పైన గొడుగు! ఇది పందేనికా, పెళ్లికా? కాలవగట్టు మలుపు తిరగ్గానే గొడుగుతో సహా బురదలో పడ్డారు. దిష్టి తగిలిందని మన పెద్దమనుషులు తేల్చారు. బరువనేది ఒకటుంటుందని వీళ్ల బుర్రలకు ఎన్నడెక్కుతుంది?

పీట కొలతలు గీసిన నీ కొలబద్ద ఇమ్మని ఈ ఉదయం కామందుగారి మనిషి మీ ఇంటికి వచ్చాడు. నేను అరుగుమీదే ఉన్నాను.

“బండి కట్టింది మా ఆయనేనని నలుగురిలో చెప్పమనండి, ఇస్తాను,” అంది మీ ఆవిడ.

“అదెలా కుదురుద్దమ్మా?”

“అయితే ఆ దిండు మీదే కూర్చోమనండి.”

అతను వెళ్లిపోయాడు. కొలబద్ద నువ్వు పెట్టిన దూలం మీదే ఉంది.