పంక్చర్ల బకెట్టు దగ్గర మా అమ్మాయి చదువు

విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఆరేళ్ల మా అమ్మాయికి ఇంట్లోనే చదువు చెప్పుకునే అనుమతిని రద్దు చేస్తూ తమ కార్యాలయం పంపిన ఉత్తర్వును వెనక్కి తీసుకోవలసిందిగా మనవి.

నేను సైకిళ్లు బాగుచేసేవాడిని. ఇంటి ముందు గదే షాపు. సదరు ఉత్తర్వు ప్రకారం సోమవారం నుంచి పిల్లను బడికి పంపాలట. అందుచేత ఈ క్రింది సంగతులు తమ దృష్టికి తెస్తున్నాను.

1. పోయినేడు బడికి పంపాము. నాలుగు నెలలు పిల్ల నోరు విప్పలేదు. బడిలోనే కాదు, ఇంట్లోనూ అంతే. "క్రమశిక్షణ బాగుంది" అని కార్డులో రాసిచ్చారు. బడి మాన్పించాక ఒకరోజు నేను ట్యూబును నీళ్లలో ముంచి తిప్పుతుంటే బుడగలు చూసి, "నాన్నా, అదిగో, అక్కడ" అంది. పంక్చరు సంగతి మరిచిపోయి అక్కడే కూలబడి ఏడ్చాను. సదరు బకెట్టే అప్పట్నుంచి మా బడి.

2. దినచర్య లేదని తనిఖీకి వచ్చిన సారు రాశారు. ఉంది. లేవగానే కిటికీలో మొలకల్ని స్కేలుతో కొలవడం, తొమ్మిదికి వాకిట్లో నీడ చుట్టూ సుద్దగీత, పదికి బకెట్టు, పన్నెండుకి అన్నం, ఆపైన నిద్ర. ఆ రోజు ఇది తప్పిన మాట వాస్తవమే. తప్పించింది వారే. పదికి వచ్చి మూడింటి దాకా బకెట్టు దగ్గర్నుంచి లేవలేదు.

3. బకెట్టు దగ్గర నియమం ఒక్కటే. ఏదైనా వేసే ముందు మునుగుతుందో తేలుతుందో చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లు నేల తుడవాలి. సారు తన పెన్నూ, దువ్వెనా, ఎడమకాలి చెప్పూ వేసి చూసుకున్నారు. చివరికి పంతం కొద్దీ ఆఫీసు ముద్ర తీసి, "చెక్క పిడి కదమ్మా, తేలుతుంది" అన్నారు. అడుగున ఇత్తడి. బుడుంగుమంది. కొత్తవాళ్లను చూస్తే నా వెనక్కి దూరే పిల్ల గుడ్డ అందించి, "తప్పు సార్, తుడవండి" అంది. తుడిచారు. బాగానే తుడిచారు. ఈ అంశం కొట్టేయమని మా ఆవిడ పోరుతోంది గానీ, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

4. బిడ్డకు చదవడం రాదని కూడా రాశారు. వారు వెళ్లాక ముద్ర బకెట్టు అడుగునే ఉండిపోయింది. పిల్ల దాన్ని తీసి, అక్షరాలు తిరగబడ్డాయేంటని ఆలోచించి, అద్దం ముందు పెట్టింది. కూడబలుక్కుంటూ అరగంటలో మొత్తం చదివింది. పైకి, గట్టిగా చదివింది.

అయ్యా, సోమవారం ఆ పిల్లను బడి గేటు దగ్గర వదిలేసి వచ్చే ధైర్యం నాకు లేదు. మళ్లీ నోరు మూసుకుంటే ఆ గొంతును నేను ఏ బకెట్టులో వెతుక్కోను?

కావున అనుమతిని పునరుద్ధరించవలసిందిగానూ, ఈసారి తనిఖీకి అన్నం వేళకు లేచి వెళ్లే మనిషిని పంపవలసిందిగానూ కోరుతున్నాను. ఈ నాలుగు ముక్కలూ ఓపిగ్గా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సైకిలు షాపతను

తా.క.: తమ ఉత్తర్వు మీద ముద్ర లేదు. ఎందుకు లేదో తమకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ముద్ర మా దగ్గర భద్రంగా ఉంది, సారును వచ్చి తీసుకెళ్లమనండి. ఈ అర్జీ అడుగున ఉన్న "ఆమోదించడమైనది" ముద్ర మాత్రం నేను వేసింది కాదు. సంతకం పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేసరికి అమ్మాయి వేసేసింది. చదువుకునే వేసింది.