గోడ మీది గ్లాసు

కార్క్ నగరం

చి. సుధేష్ణకు అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. మారథాన్ కోసం పరుగు మానలేదు. లాక్‌డౌన్‌లో దూరం వెళ్లనివ్వరు కనుక మా వీధి చుట్టూనే ప్రదక్షిణలు. పక్కింటి ముసలావిడ నోరీన్ ఒంటరిది. నేను అలసిపోతానని రోజూ గోడ మీద గ్లాసుతో నారింజ రసం పెట్టేది. కరోనా భయంతో నేను దాన్ని గులాబీ మొదట్లో పోసేసి, ఖాళీ గ్లాసు గోడ మీద పెట్టి, తాగినట్టే ఆవిడ కిటికీకేసి దణ్ణం పెట్టి మరీ వచ్చేదాన్ని. నిన్న గ్లాసు బదులు సీసా ఉంది. కిటికీలోంచి ఆవిడ, "సీలు నేను తీయలేదమ్మా, ఇది తాగొచ్చు" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అమ్మకు రెండో డోసు వేయించావా? సున్నుండల్లో బెల్లం పాళ్లు అమ్మనడిగి రాయి. నోరీన్‌కు చేసిస్తాను. ఆవిడ పారబోసినా అడిగే మొహం నాకు లేదు. స్వామి మిమ్మల్ని కనిపెట్టి ఉండాలి.

గిరిజక్క