వంటింట్లోకి వచ్చిన వాంటన్లు

ఆదివారం

"నీకు కంపెనీ క్వార్టర్ రానీ, మరదలి చేతి వంట మొదట తినేది నేనే" అని మా పెళ్లినాడు అన్నయ్య మాట ఇచ్చాడు. తీరా వచ్చి, ఇంట్లో పంది మాంసం వండుతారని మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయాడు. ఎప్పటికైనా వస్తాడేమోనని, నలభై ఏళ్లుగా నా భార్య మరియమ్మ పోర్క్‌ను పెరటి పొయ్యి మీదే వండుతోంది.

ఇవాళ అన్నయ్య కూతురు కుమారి వాంటన్లు, అదే పోర్క్ కూరిన చైనా కజ్జికాయలు, నేర్చుకుంటానని వచ్చి, ఆమె చేతిలో బాణలి లాక్కుంది.

"ఈ ఎండలో పెరట్లో ఏటి పిన్నీ? వంటింట్లోనే చేద్దాం, చలో."

"మీ నాన్నకి తెలిస్తే?"

"తెలిస్తే తెలుస్తాది. ఆయనకీ నాలుగు పట్టుకెళ్తాను."

ఉక్కు ఫ్యాక్టరీ ప్లేట్ మిల్లులో ఎర్రటి ఇనుము పలకలయ్యేది ముప్ఫై ఏళ్లు చూశాను. మరియమ్మ మాత్రం మైదా పిండిని అవతలి వేళ్లు కనిపించేంత పల్చగా ఒత్తింది. అల్లం, ఉల్లికాడలు కలిపిన పోర్క్ ఖీమా పెట్టి మడిచి నూనెలో వేస్తే, అంచులు బుడగలు బుడగలుగా ఉబ్బి బంగారు రంగు తిరిగాయి. కొరికితే కరకరమన్నాయి. ఇన్ని పుస్తకాలు చదివాను, ఇలాంటి అద్భుతం ఎక్కడా తగల్లేదు.

బాగా వేగినవే ఏరి డబ్బాలో పెడుతూ, "మెత్తబడకముందే పెట్టమ్మా మీ నాన్నకి" అంది మరియమ్మ. అంత మనసు ఎక్కడిది ఈ మనిషికి?

నాకు లేదు. పెరట్లో పొయ్యి కట్టింది నేనే కావచ్చు. కట్టించింది మా అన్నయ్య సన్యాసిరావు.