బోర్డు మీద గ్లాసు

ఏమండీ,

మా స్కూల్లో పదకొండో తరగతికి డిజైన్, ఆర్కిటెక్చర్ కోర్సు మొదలైంది. మీరు ఉండగా డైనింగ్ టేబుల్ దగ్గర సిలబస్ రాసుకుంటూ మనిద్దరం పోట్లాడుకున్న కోర్సే. మీరు పోయాక ఏడాదికి పిల్లల ముందుకొచ్చింది.

"కంప్యూటర్లు చాలవా మేడమ్?" అన్నారు ప్రిన్సిపాల్. పిల్లలు ముందు చేత్తో గీయాల్సిందేనని మీలాగే మొండికేశాను. గీసే బల్లలు నేనే తెచ్చుకోగలిగితేనే కోర్సు అన్నారు. తెచ్చాను! బేగంపేటలో మీ ఆఫీసుకు వెళ్లి, కంప్యూటర్లు వచ్చాక మూలన పడేసిన డ్రాయింగ్ బోర్డులన్నీ అడిగి, ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చాను. అయినా ఒకటి తక్కువైంది. మీది ఇచ్చేశాను. మనింట్లో లాగే క్లాసులోనూ కిటికీ పక్కనే వేయించాను.

యాప్రాల్ నుంచి వచ్చే సనా ఇప్పుడు దాని మీద గీస్తుంది. నిన్న ఆ పిల్ల వేస్తున్న మెట్ల ప్లాన్ చూద్దామని వంగి, చేతిలో ఉన్న టీ గ్లాసు బోర్డు అంచున పెట్టాను.

"మేడమ్, జెర చాయ్ తీయండి. బోర్డు మీద గిట్ల పెట్టొద్దు. ఒలికితే డ్రాయింగ్ మొత్తం ఖరాబ్ అయితది," అంది, అచ్చం మీలాగే తలెత్తకుండా.

ఆ మాట ఆమెకు నేను నేర్పలేదు. పెళ్లయినప్పటి నుంచి మీరు చెప్పినా నాకే రాలేదు, ఇంకొకరికి ఏం నేర్పుతాను?

గ్లాసు తీసి చేత్తో పట్టుకుని, టీ చల్లారేదాకా అక్కడే నిలబడి చూశాను. ఒక్క గీత కూడా వంకర పోలేదండీ.