టీ పెట్టగలదు, అర్హురాలు కాదు

మల్కాపురం,
జూన్ 3.

ఇంటింటి సంరక్షణ పథకం అధికారిణి యశస్విని గారికి పౌరుడు తౌసిఫ్ హక్కుగా రాయునది (విన్నపం కాదు).

మా నానీ (అమ్మమ్మ) ఫిర్దౌస్ బేగంకు డెబ్బై ఎనిమిదేళ్లు. నిరుడు బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను పోర్టులో షిఫ్టుకు వెళితే ఆమె ఒంటరి. నేనున్నా స్నానానికి మనవడి సాయం ఒప్పుకోదు. గోడ పట్టుకుని ఒక్కతే వెళ్లి గడియ పెట్టుకుంటుంది. నేను బయట నిలబడి నీళ్ల చప్పుడు వింటూ ఉంటాను. ఇన్నాళ్లూ సాయపడిన పక్కింటి చిట్టమ్మ కూతురి దగ్గరికి భీమిలి వెళ్లిపోయింది.

ప్రభుత్వ నిధులతో రోజుకు రెండు గంటలు సహాయకురాలిని పంపుతారని మీ కరపత్రంలో ఉంది. నాలుగుసార్లు చదివాను. 'ఇది దయ కాదు, బాధ్యత' అన్న వాక్యం కింద గీత కూడా గీశాను. ఇక మీ వంతు.

పోరాట అభివందనాలతో,
తౌసిఫ్

తా.క.: చదువు రానివాళ్ల మాట అక్షరం మార్చకుండా రాయడం నా సిద్ధాంతం. నానీ చెప్పింది: "ఆ పిల్లని ఎండెక్కకముందే రమ్మను. టీలో అల్లం ఏత్తే తాగుద్దో నేదో కనుక్కో."

జూన్ 12.

తౌసిఫ్ గారికి నమస్కారం.

నిన్న మీ ఇంటికి వచ్చాను. మీరు షిఫ్టులో ఉన్నారు. మీ నానీ గారే తలుపు తీశారు. టీ పెట్టారు, సేమియా చేశారు. మా ఫారంలో 'నిలబడగలరా', 'వంట చేయగలరా' అన్నచోట 'అవును' అని రాయక తప్పలేదు. నిధులు తమ పనులు తాము చేసుకోలేనివారికే. కనుక దరఖాస్తు తిరస్కరించడమైనది.

ఇట్లు,
యశస్విని

తా.క.: సేమియా చాలా బాగుంది. ఇది అధికారికం కాదు.

జూన్ 15.

యశస్విని గారికి, నమస్కారం కూడా ఆగ్రహంతోనే.

ముసలామె చేత వండించుకుని తిని, ఖాళీ గిన్నెను సాక్ష్యంగా చూపిన వ్యవస్థ మీది! మా ఇంట్లో గుమ్మం తొక్కిన మనిషిని టీ ఇవ్వకుండా పంపరు. ప్రాణం తీసే దూత వచ్చినా నానీ "కూకో నాయనా, పాలు పొంగనీ" అంటుంది.

మళ్లీ రండి. మంచం దిగనని నానీ చేత ఒట్టు వేయించాను. దిగితే నిరాహార దీక్ష చేస్తానని చెప్పాను.

తల వంచని,
తౌసిఫ్

తా.క.: నానీ మాట: "ఈడు దీచ్చ అంటాడు గానీ మద్దేన్నం రెండు గుడ్లు తిన్నాడు. అమ్మాయ్, నువ్వు దగ్గుతన్నావు. ఈపాలి మిరియాల కసాయం ఎడతాను." సిద్ధాంతం కాబట్టి రాశాను. గుడ్డు ఒకటే.

జూన్ 24.

తౌసిఫ్ గారికి నమస్కారం.

మళ్లీ వచ్చాను. నానీ గారు మంచం మీదే ఉన్నారు. రెండుసార్లు దగ్గాను. మూడోసారి దగ్గేసరికి ఆవిడ వంటింట్లో ఉన్నారు! పైగా కషాయం సంగతి మీరే ముందుగా రాసిచ్చారు. మా పై అధికారి గురునాథరావు గారు మీ తా.క.లన్నీ సాక్ష్యాలుగా ఫైలుకు కుట్టించారు. ఇకమీదట దయచేసి తా.క. రాయకండి.

ఇట్లు,
యశస్విని

తా.క.: దగ్గు తగ్గింది.

జూన్ 27.

యశస్విని గారికి,

ఈసారి నినాదాలు లేవు. మీ ఉత్తరం రాగానే నానీ మీద అరిచాను. "నీకు సాయం అక్కర్లేదా?" అన్నాను. నానీ కాగితం తెమ్మంది.

తౌసిఫ్

తా.క.: "తల్లీ, నువ్వొత్తావని తెలిసినరోజు పొద్దున్న నమాజు కాణ్నించి గోడట్టుకుని వంటింట్లోనే ఉంతాను. ఒక్క టీకి గంట పడతాది. నువ్వెళ్లాక రెండ్రోజులు కాలు కదపలేను. ఈడికి సెప్పలేదు. సిట్టమ్మ ఎల్లిపోయాక నాకోసమని ఈ ఇంటికి ఒచ్చినదానివి నువ్వొక్కద్దానివే. నీకు టీ ఇవ్వకపోతే నానేటి మనిసిని? కానీ రోజూ మనిసిని పంపుతారంట. రోజూ టీ ఎట్టడం నా వల్ల కాదమ్మా. అందుకే, నాను బాగున్నాననే రాసీ."

అక్షరం మార్చలేదు. కాగితం రెండుచోట్ల తడిసింది. నానీ ఏడవలేదు.

జూలై 4.

తౌసిఫ్ గారికి, నానీ గారికి నమస్కారాలు.

చివరి తా.క.ను గురునాథరావు గారికి చదివి వినిపించాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మా ఫారంలో 'చేయగలరా' అని ఉంది గానీ, 'చేశాక ఏమవుతారు' అన్న గడి లేదు. పక్కన నేనే గీసి నింపాను. ఆయన దాని కింద సంతకం పెట్టారు.

రోజుకు రెండు గంటలు మంజూరైంది. సోమవారం నుంచి పుష్ప గారు వస్తారు. ఆమె స్నానం చేయిస్తారు, మీరిక తలుపు బయట నిలబడక్కర్లేదు. కానీ ఆమె పనుల కాగితంలో మొదటి పని నేను రాశాను: 'రాగానే రెండు గ్లాసుల టీ పెట్టాలి. నానీ గారు కూర్చునే తాగాలి.'

ఇట్లు,
యశస్విని

తా.క.: పుష్ప గారికి టీ అలవాటు లేదట. నానీ గారితో అనకండి. అలవాటు చేసుకుంటానన్నారు.